అసలు ముట్టని నిధి
(సేవా క్లబ్బుల ఉమ్మడి ధర్మనిధి ఎలా పనిచేస్తుంది?)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా పనికొచ్చే పాఠం రాయమని సంపాదకవర్గం తమ్ముళ్ళు అడిగారు. నేను చదివింది కామర్స్, చెప్పేదీ కామర్సే. కనుక డబ్బు గురించే రాస్తాను. అయితే సంపాదించే డబ్బు గురించి కాదు, పదిమంది కలిసి ఒకచోట పోగుచేసి, ముట్టుకోకుండా పెట్టే డబ్బు గురించి.

మన హాస్టల్‌కు సేవా క్లబ్బుల వాళ్ళు రావడం, దుప్పట్లో నోటుపుస్తకాలో పంచడం, వరుసగా నిలబెట్టి ఫోటో తీయించుకోవడం మీకు తెలిసిందే. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాకూ ఒక దుప్పటి అందింది. ఆ రోజు తీసిన ఫోటోలో దుప్పటి ఒక కొస నా చేతిలో ఉంది. రెండో కొస పట్టుకున్న పెద్దమనిషి కెమెరా వైపు చూస్తున్నాడు. అలాంటి పంపకాల డబ్బు చాలావరకు సభ్యుల చందాలే. అందులో దాచేదేమీ లేదు. కానీ ఆ క్లబ్బుల వెనుక ఇంకో రకం డబ్బు ఉంటుందని, దానికి వేరే నియమాలున్నాయని నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు. తెలుసుకోవాల్సి వచ్చిన కారణం చెబుతాను.

2006 వార్షికోత్సవం రోజున పూర్వ విద్యార్థులం కొందరం కలిసి చందాలు వేసుకున్నాం. 18,400 రూపాయలు పోగయ్యాయి. అంత డబ్బు ఒకచోట చూడడం మాలో చాలామందికి అదే మొదటిసారి. పదో తరగతి పాసై పైచదువుకు వెళ్తున్న తొమ్మిది మందికి ఫీజులకు, ట్రంకు పెట్టెలకు, బట్టలకు ఇచ్చాం. జూలై నెలాఖరుకు ఖాతాలో 110 రూపాయలు మిగిలాయి. మంచిపని చేశామని సంతోషించాం. మరుసటి ఏడు చందాలు అడిగేవాళ్ళు లేరు, ఇచ్చేవాళ్ళూ లేరు. ఒకరికి పెళ్ళి, ఇంకొకరికి బదిలీ, నాకు పరీక్షలు. ఆ జూన్‌లో ఒక తమ్ముడు పాలిటెక్నిక్ సీటు కాగితం పట్టుకొని మా గదికి వచ్చాడు. ప్రయాణానికి, డిపాజిట్‌కు, సర్టిఫికెట్ల ఖర్చుకు కలిపి 2,200 కావాలి, రెండు రోజుల్లో కట్టాలి. "అన్నా, పోయినేడు ఇచ్చారంట కదా, ఏమన్నా ఉందా?" అని అడిగాడు. స్కాలర్‌షిప్ వస్తుంది, కానీ అది వచ్చేలోపు కట్టాల్సిన డబ్బు ఇది. అప్పు పుట్టలేదు. సీటు పోయింది. ఆ సంవత్సరమంతా అతను హమాలీ పనికి వెళ్ళి, మరుసటి ఏడు చేరాడు.

మేం తిన్నది లేదు, దుబారా చేసింది లేదు. మరి తప్పు ఎక్కడ జరిగింది? ఆ ప్రశ్నే నన్ను ఈ విషయం చదివేలా చేసింది.

ఎండోమెంట్ అనగానే మనవైపు దేవాదాయ శాఖ గుర్తుకొస్తుంది. విశ్వవిద్యాలయాల్లో చదివే వాళ్ళకు ధర్మనిధి ఉపన్యాసాలు, బంగారు పతకాలు గుర్తుకొస్తాయి. అన్నిటి వెనుకా ఉన్న సూత్రం ఒక్కటే. దాత ఇచ్చిన అసలును అలాగే ఉంచాలి. దాని మీద వచ్చే రాబడితో మాత్రమే పని జరగాలి.

ఇది బ్యాంకులతో పుట్టిన ఆలోచన కాదు. ద్రాక్షారామం భీమేశ్వరాలయ శాసనాల్లో అఖండ దీపానికి పశువులను దానమిచ్చిన సంగతులు ఎన్నో ఉన్నాయి. దాత గుడికి నెయ్యి ఇవ్వడు, గొర్రెల మందను ఇస్తాడు. మందను కాపరికి అప్పగిస్తారు. కాపరి రోజూ ఇంత అని నెయ్యి పోయాలి. ముసలి గొర్రె చచ్చిపోతే కొత్తగా పుట్టిన పిల్ల దాని స్థానంలోకి వస్తుంది, లెక్క తగ్గకూడదు. తమిళ దేశపు శాసనాల్లోనైతే వాటిని చావని, ముసలివి కాని గొర్రెలు అనే రాశారు! గొర్రె చస్తుందని వాళ్ళకు తెలియక కాదు. మంద చావకూడదని అర్థం. మంద అసలు, నెయ్యి వడ్డీ. మేం 2006లో చేసిన పని ఏమిటంటే, మందను కోసి ఒక్కరోజు విందు పెట్టడం.

ఇక సేవా క్లబ్బుల దగ్గరికి వద్దాం. వీటిలో పాతది, నిధి లెక్కలు స్పష్టంగా ఉన్నది రోటరీ. 1905 ఫిబ్రవరి 23న అమెరికాలోని చికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది మరో ముగ్గురితో కలిసి మొదలుపెట్టాడు. ఒకరి ఆఫీసు తర్వాత ఒకరి ఆఫీసులో వంతులవారీగా కలిసేవారు కనుక ఆ పేరు వచ్చింది. నిధి ఆలోచన మాత్రం ఆయనది కాదు. క్లీవ్‌లాండ్‌కు చెందిన ఆర్చ్ క్లంఫ్‌ది. ఈయన గురించి మన పిల్లలు తెలుసుకోవాలి. చిన్నతనంలోనే బడి మానేసి పనిలో చేరాడు, రాత్రిబడిలో చదువుకున్నాడు. ఆఫీసు బాయ్‌గా చేరిన కలప కంపెనీకే తర్వాత యజమాని అయ్యాడు. 1917లో అట్లాంటా మహాసభలో, అధ్యక్షుడి హోదాలో, ప్రపంచంలో మంచిపనులు చేయడానికి ఒక శాశ్వత నిధి ఉండాలని ప్రతిపాదించాడు.

జనం చప్పట్లు కొట్టారేమో గాని డబ్బు మాత్రం ఇవ్వలేదు. మొదటి విరాళం 1918లో వచ్చింది. కాన్సాస్ సిటీ క్లబ్బు మహాసభ ఖర్చులు పోగా మిగిలిన 26 డాలర్ల 50 సెంట్లు పంపింది. నూటికి 5 వడ్డీ అనుకుంటే దాని మీద ఏడాదికి వచ్చేది ఒక డాలరు 32 సెంట్లు. దాంతో ఎవరికి ఏం సహాయం చేయగలరు? ఆరేళ్ళ తర్వాత కూడా నిధి 700 డాలర్లు మాత్రమే. 1928 నాటికి 5,000 డాలర్లు దాటాక దానికి రోటరీ ఫౌండేషన్ అని పేరుపెట్టి, ధర్మకర్తలను నియమించారు. ఆ తర్వాత కొద్దికాలానికి అంగవైకల్యం ఉన్న పిల్లల కోసం పనిచేసే సంస్థకు 500 డాలర్లు ఇచ్చారు. అదే మొదటి సాయం. క్లంఫ్ ఆలోచన చెప్పిన పన్నెండు పదమూడేళ్ళ వరకు ఒక్క మనిషికీ పైసా అందలేదన్నమాట. అంతకాలం దాన్ని కదపకుండా ఉంచిన వాళ్ళ ఓపికే నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. 1947లో పాల్ హారిస్ చనిపోయాక ఆయన జ్ఞాపకార్థం విరాళాలు వచ్చిపడ్డాయి, ఏడాదిన్నరలో పది లక్షల డాలర్లు దాటాయి. ఆ ఏడే 18 మంది విద్యార్థులను విదేశాల్లో చదువుకోవడానికి పంపారు.

ఇక్కడ ఒక పాఠం ఉంది. చిన్న నిధి వడ్డీ చిన్నదే. 50 మంది సభ్యులున్న ఊరి క్లబ్బు ఎంత కూడబెట్టినా, దాని వడ్డీతో ఏటా నాలుగు సైకిళ్ళు కూడా రావు. అందుకే ఉమ్మడి చేశారు. ఇప్పుడు ప్రపంచమంతటా వేలాది రోటరీ క్లబ్బులున్నాయి. ఫౌండేషన్‌కు ఇచ్చే డబ్బును అందరిదీ ఒకే కుండలో వేస్తారు, ఒకే చోట పెట్టుబడి పెడతారు. లయన్స్ క్లబ్బులూ 1968లో ఇలాగే తమ ఫౌండేషన్ పెట్టుకున్నాయి. 1990లో మొదలైన వాళ్ళ సైట్‌ఫస్ట్ కార్యక్రమం కంటిచూపు కోసం నడుస్తున్నది అలాంటి ఉమ్మడి సొమ్ముతోనే.

ఉమ్మడి కుండ అంటే మీకు వెంటనే ఒక అనుమానం రావాలి. మా ఊరి డబ్బు ఎక్కడో అమెరికాలో కలిసిపోతే మా ఊరికేం మిగిలింది? రోటరీ వాళ్ళు దీనికి వేసిన లెక్క తెలివైనది, కొంచెం నిదానంగా చదవండి.

వాళ్ళకు ముఖ్యంగా మూడు నిధులున్నాయి. ఒకటి వార్షిక నిధి, రెండోది శాశ్వత నిధి, మూడోది పోలియో నిధి. శాశ్వత నిధిలో వేసిన అసలును ఖర్చుపెట్టరు. మొత్తం విలువలో ఏటా కొంత భాగమే పనులకు తీస్తారు. ఆస్తులు, రాసిచ్చిన హామీలు కలిపి 2025 నాటికి దీన్ని 202.5 కోట్ల డాలర్లకు చేర్చాలని లక్ష్యం పెట్టుకున్నారు. గొర్రెల మంద అంటే ఇదే.

వార్షిక నిధి అలా కాదు. అది ఖర్చుపెట్టడానికే. కానీ వచ్చిన ఏడాదే ఖర్చుపెట్టరు. మూడేళ్ళు పెట్టుబడిలో ఉంచుతారు. ఈ మూడేళ్ళ రాబడి ఆఫీసు ఖర్చులకు, నిర్వహణకు సాయపడుతుంది. మూడేళ్ళయ్యాక అసలు బయటికి వస్తుంది. కొన్ని క్లబ్బులు కలిసి ఒక జిల్లా. మన కలెక్టరు జిల్లా కాదు సుమా. హైదరాబాద్ క్లబ్బులు 3150 నంబరు జిల్లాలో, విశాఖపట్నం, విజయవాడ క్లబ్బులు 3020 నంబరు జిల్లాలో ఉన్నాయి. ఒక జిల్లా క్లబ్బులన్నీ కలిసి వార్షిక నిధికి లక్ష డాలర్లు ఇచ్చాయనుకుందాం. నిర్వహణ కింద 5 శాతం, అంటే 5,000 పోగా, మిగిలింది రెండు సగాలవుతుంది. 47,500 తిరిగి ఆ జిల్లా చేతికే వస్తుంది, ఏ పనికి వాడాలో వాళ్ళే నిర్ణయించుకోవచ్చు. ఇంకో 47,500 ప్రపంచ నిధిలోకి పోతుంది.

జిల్లా చేతికొచ్చిన దాంట్లో సగం వరకు చిన్న చిన్న స్థానిక పనులకు వాడుకోవచ్చు. మిగిలింది పెద్ద పనికి పెడితే ప్రపంచ నిధి జత కలుస్తుంది. 2021 జూలై నుంచి ఈ జత నూటికి 80. అంటే జిల్లా 20,000 పెడితే ప్రపంచ నిధి 16,000 కలుపుతుంది. అంతకు ముందు పైసాకు పైసా కలిపేవారు. అడిగేవాళ్ళు పెరిగి, నిధి చాలక తగ్గించారు. ఒక్కటి గమనించండి, చాలనప్పుడు అసలు మీద చేయి వేయకుండా జతను తగ్గించారు. ఇలాంటి పెద్ద పనికి రెండు దేశాల క్లబ్బులు కలవాలి. ఒకటి పని జరిగే చోటుది, ఒకటి బయటిది. ఖర్చు అంచనా కనీసం 30,000 డాలర్లు ఉండాలి. ఆ ఊరికి నిజంగా ఏం కావాలో ముందే అడిగి తెలుసుకోవాలి. డబ్బు అయిపోయాక కూడా పని నడవాలి. తాగునీరు, ఆసుపత్రి యంత్రాలు, చదువు వంటి పనులు ఇలా జరుగుతాయి. ఇందులో మన దేశం చేయి చాచే దేశం మాత్రమే కాదు. రోటరీ ఫౌండేషన్‌కు విరాళాలిచ్చే దేశాల్లో ఇటీవలి సంవత్సరాల్లో భారతదేశం ముందు వరుసలో ఉంది.

ఆ మూడేళ్ళ ఆలస్యం చూసి మొదట నాకు విసుగొచ్చింది. ఆకలిగా ఉన్నవాడికి మూడేళ్ళ తర్వాత అన్నం పెడతారా అనిపించింది. మళ్ళీ ఆలోచిస్తే తెలిసింది. ఈ ఏడాది ఖర్చుపెట్టాల్సిన డబ్బు మూడేళ్ళ క్రితమే వచ్చేసింది. ఎంత ఉందో పైసాతో సహా ముందే తెలుసు. ఈ ఏడాది చందాలు పడిపోయినా ఈ ఏడాది ఇచ్చిన మాట తప్పనక్కర్లేదు. మా 2006 నిధికి లేనిది ఇదే. మేం చందా వచ్చిన ఊపులో మాట ఇచ్చాం, ఊపు తగ్గగానే మాట పోయింది.

అయితే అన్ని డబ్బులనూ గొర్రెల మందలా ఉంచాలనుకోవడం కూడా పొరపాటే. దీనికి పోలియో కథే సాక్ష్యం. 1979లో రోటరీ ఫిలిప్పీన్స్‌లో 60 లక్షల మంది పిల్లలకు పోలియో చుక్కలు వేయించే పని మొదలుపెట్టింది. 1985లో ప్రపంచమంతటికీ ఆ పని విస్తరించి, 12 కోట్ల డాలర్లు పోగుచేయాలనుకున్నారు. 1988 నాటికి దానికి దాదాపు రెట్టింపు వచ్చింది. ఆ ఏడే ప్రపంచ ఆరోగ్య సభ పోలియోను నిర్మూలించాలని తీర్మానించింది. అప్పటికి ఏటా సుమారు మూడున్నర లక్షల మంది పిల్లలు ఆ జబ్బు పాలవుతున్నారు. అప్పటి నుంచి రోటరీ పెట్టిన సొమ్ము 200 కోట్ల డాలర్లు దాటింది. అది వడ్డీతో జరిగిన పని కాదు. వచ్చింది వచ్చినట్టు చుక్కల మందుకు, ప్రచారానికి, చలిపెట్టెలకు ఖర్చయింది. 2013లో గేట్స్ ఫౌండేషన్ రోటరీ పెట్టే ప్రతి డాలరుకు రెండు డాలర్లు కలుపుతామని, ఒక పరిమితి వరకు ఒప్పుకుంది. మన దేశంలో పల్స్ పోలియో 1995లో మొదలైంది. చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చి 27న మనకు పోలియో లేదని ధ్రువీకరణ వచ్చింది. పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్‌లలో మాత్రం ఇంకా పోలేదు. మీలో చిన్నవాళ్ళకు కాలిపర్ వేసుకున్న సహవిద్యార్థి తెలియకపోవచ్చు. నా బ్యాచ్‌లో ఇద్దరుండేవారు. జబ్బు తుదిముట్టే అవకాశం ఉన్నప్పుడు అసలును దాచుకోవడం పిసినారితనం అవుతుంది. ప్రతి ఏడూ జూన్‌లో తిరిగి వచ్చే అవసరానికి అసలును తినేయడం తెలివితక్కువ అవుతుంది. ఏది ఏ రకం అవసరమో తేల్చుకోవడమే కష్టమైన పని.

ఉమ్మడి నిధికి ఉన్న లోపం కూడా చెప్పాలి. 30,000 డాలర్ల పనికి దారి ఉంది గాని, రెండు రోజుల్లో కావలసిన 2,200 రూపాయలకు ఆ కిటికీ తెరుచుకోదు. దరఖాస్తు ఉంటుంది, అంచనా ఉంటుంది, రెండు దేశాల సంతకాలుంటాయి. అది వాళ్ళ తప్పు కాదు, అంత పెద్ద కుండకు మూత అలాగే ఉంటుంది. మరొక మాట. మన హాస్టల్ దానధర్మం మీద నడిచేది కాదు. మనం తినే అన్నం, కాస్మెటిక్ చార్జీలు, స్కాలర్‌షిప్ ప్రభుత్వ బడ్జెట్‌లోవి, మన హక్కు. అవి ఆలస్యమైతే అడగాల్సింది ప్రభుత్వాన్నే. ఏ క్లబ్బు దుప్పటీ, ఏ పూర్వ విద్యార్థుల నిధీ ఆ బాధ్యతను తన నెత్తికెత్తుకోకూడదు. మన నిధి పని ఆ మధ్యలో ఉన్న చిన్న సందును పూడ్చడం వరకే.

మరి మన నిధి ఎలా ఉండాలి? ఈ వార్షికోత్సవంలో దీని మీద చర్చ ఉంటుందని విన్నాను కనుక నా లెక్క ముందే చెబుతున్నాను. కష్టపడి రెండు లక్షలు పోగుచేశామనుకోండి. బ్యాంకులో నూటికి 7 వడ్డీ అనుకుంటే ఏడాదికి 14,000. మొత్తం వడ్డీ ఖర్చుపెడితే అసలు అలాగే ఉంది కదా అని సంబరపడతాం. కానీ ధరలు ఏటా నూటికి 5 చొప్పున పెరిగితే 14 ఏళ్ళలో రెట్టింపవుతాయి. ఇవాళ 30 రూపాయల నోటుపుస్తకం అప్పుడు 60. మన 14,000 మాత్రం 14,000గానే ఉంటుంది. గొర్రెలు లెక్కకు తగ్గలేదు, చిక్కిపోయాయి. అందుకని 8,000 ఖర్చుపెట్టి 6,000 అసలులో కలపాలి. అప్పుడు మరుసటి ఏడు అసలు 2,06,000. అయినా ధరలతో పూర్తిగా సమానంగా పరుగెత్తలేదు. దానికైతే 4,000 మాత్రమే ఖర్చుపెట్టాలి. నాలుగు వేలతో ఇద్దరికి మించి సాయపడలేం. కనుక మనం ఒక్క శాశ్వత నిధినే నమ్ముకుంటే, క్లంఫ్ లాగా పన్నెండేళ్ళు ఎదురుచూడాలి.

నా సూచన రెండు ఖాతాలు. ఏటా వచ్చే చందాలో నాలుగో వంతు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేద్దాం, దాన్ని ఎవరూ ముట్టకూడదు. మిగతా మూడు వంతులు జూన్ అవసరాలకు. అయితే ఈ ఏడాది వచ్చింది ఈ ఏడాది తీయకూడదు, వచ్చే జూన్‌కే తీయాలి. రోటరీకి మూడేళ్ళు, మనకు ఒక ఏడాది చాలు. మొదటి ఏడాది ఎవరికీ ఏమీ ఇవ్వలేం. ఇది చెప్పడం తేలిక, గది ముందు కాగితం పట్టుకొని ఒక తమ్ముడు నిలబడినప్పుడు పాటించడం కష్టం. ఆ ఒక్క జూన్‌కు మాత్రం ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళం విడిగా, ఈ ఖాతాలతో సంబంధం లేకుండా వేసుకుందాం. సొమ్ము తీయడానికి ముగ్గురి సంతకాలుండాలి, అందులో ఒకరు ఆ ఏడు హాస్టల్‌లో ఉన్న పదో తరగతి విద్యార్థుల తరఫు పెద్ద అయ్యుండాలి. సాయం అందుకున్న వాళ్ళ ఫోటోలు తీయకూడదు. లెక్క మాత్రం ప్రతి వార్షికోత్సవంలో పైసాతో సహా వేదిక మీద చదవాలి.

తొమ్మిది, పది తరగతుల వాళ్ళు చర్చకు వచ్చేముందు ఈ లెక్క చేసి తీసుకురండి. ఏటా 40,000 చందా వస్తుంది. అందులో 10,000 శాశ్వత ఖాతాలో వేస్తాం. దాని మీద వచ్చే 7 శాతం వడ్డీని కూడా అందులోనే కలుపుతాం. మొదటి పదివేలు వేసిన రోజు నుంచి పదేళ్ళు పూర్తయ్యేసరికి అందులో ఎంత ఉంటుంది? అప్పటి నుంచి నూటికి 4 చొప్పున తీస్తే, ఒక్కొక్కరికి 2,200 వంతున ఎంతమందికి ఇవ్వవచ్చు? ధరల పెరుగుదలను మొదటిసారి వదిలేసి చేయండి, రెండోసారి కలిపి చేయండి. రెండు జవాబులూ కావాలి.